నేను పుట్టించిన చప్పుడు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఉంటే, అంత ధైర్యంగా ఒకదాన్ని తయారుచేసేవాణ్ణి కాదు.

భివండీలో నాకు ఆరు సాంచాలున్నాయి. మరమగ్గాలను మేం అలాగే అంటాం. మా వెనక గల్లీలో ఒకామె కార్ఖానా ఉంది. ఆమె పేరు రాయను. భర్త పోయాక ఎనిమిది సాంచాలను తానే పనివాళ్ళతో నడిపించుకునేది.

పోయినేడు మా కులంవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అందరూ దయ్యాల సంగతులు పెడుతున్నారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఒక శుక్రవారం పనివాళ్ళు నమాజుకు పోయాక, నా షెడ్డులో ఒక్క సాంచా నడిపి, దాని చప్పుడు నలభై సెకన్లు రికార్డు చేశాను. మర్నాడు కరెంటు పోగానే దాన్ని గ్రూపులో వదిలాను.

కరెంటు లేకుండానే ఆమె కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచాలు నడుస్తున్నాయనీ, చనిపోయిన భర్తే నడుపుతున్నాడనీ, తలుపు సందులోంచి కళ్ళారా చూశాననీ రాశాను. ఎనిమిదిని ఇరవై నాలుగు చేశాను. ఆ తలుపు దగ్గరికే పోలేదు. ఆనవాళ్ళు లేకపోతే ఎవరు నమ్ముతారని ఆమె పేరు, గల్లీ, షెడ్డు నంబరు కూడా పెట్టాను.

నమ్మారు. సాయంత్రానికల్లా అది ఎన్ని గ్రూపులకు పాకిందో తెలియదు. ఊరి బయటున్న కాల్హేర్ గోదాముల నుంచి కూడా జనం వచ్చి ఆమె కిటికీలోంచి వీడియోలు తీశారు. భర్తను ఆమే చంపిందని ఎవరో కలిపారు. పనివాళ్ళు మానేశారు. నడిపేవాళ్ళు లేక నాలుగు సాంచాలు తుక్కు కింద అమ్ముడుపోయాయి.

మర్నాడే వెళ్ళి క్షమాపణ అడిగానని ఇంట్లో చెప్పాను. అదీ అబద్ధమే. నెల దాకా కాళ్ళు రాలేదు. చివరికి అదంతా నా కల్పన అని గ్రూపులో రాశాను. "ముసలాయనను దయ్యం బాగనే బెదిరిచ్చింది" అని ఒకడు జవాబు పెట్టాడు. అందరూ నవ్వారు. ఎవరూ నమ్మలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె దగ్గరికి పోయాను.

"బిడ్డా, గా చప్పుడు నా షెడ్డుల తీసిందే. తప్పయింది," అన్నాను.

"దయ్యం ముచ్చట చెప్పనీకి నా పేరే దొరికిందా కాకా? నీ ఇంటోళ్ళ పేరు పెట్టుకోకపోయినవ్?"

ఆమె ఫోన్ తీసి, "మరి గీయన ఎవలు?" అంటూ నా రికార్డు పెట్టింది.

అదే చప్పుడు. ముప్పై సెకన్లు దాటాక ఒక మగవాడి దగ్గు. తర్వాత ఆమెను ముద్దుపేరుతో పిలిచి, "చాయ్ పెట్టినవా?" అని అడిగాడు. సొంత సాంచాలు లేని రోజుల్లో ఆమె భర్తతో పదేళ్ళు పక్కపక్క సాంచాల మీద కూలికి పనిచేశాను. ఆ గొంతు నాకు తెలుసు.

నా ఫోన్‌లో ఉన్న అసలు రికార్డు అక్కడే విన్నాను. ఉత్త చప్పుడే. తర్వాత ఇంకో నలుగురి ఫోన్లలో విన్నాను. ఎందులోనూ గొంతు లేదు. రికార్డు చేసినప్పుడు షెడ్డులో నేను ఒక్కణ్ణే ఉన్నాను.

"దినాం ఇంటున్న కాకా," అంది ఆమె. "గీనితోనే నా పరువు పోయింది. గీనిలనే ఆయన ఉన్నడు. తీసెయ్యమంటవా?"

అందరినీ తీసేయమని బతిమాలుతూ తిరుగుతున్నవాణ్ణి, ఆమెను మాత్రం తీసేయమనలేకపోయాను. ఆ గొంతు అందులోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.