వినాయకుడి ముందు పెట్టిన మౌసు

తిరువూరులో కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే కాలం అది. దుమ్ము పడుతుందని పైకి అనేవాళ్లు గానీ, అసలు సంగతి భక్తి. సరిగ్గా అప్పుడే నాకు, విండోసుకి బదులు కంప్యూటర్లని నడిపే లైనక్సు కొత్తగా వచ్చింది. ఏ విద్యయినా కొత్తగా వచ్చినవాడితో ఎంత ప్రమాదమో మీకు తెలుసు కదా, నేను దానికి నాలుగింతలు. బస్సులో వినగడప ఊరికి టికెట్టు తీసుకుంటున్న పెద్దాయన్ని పట్టుకుని, ఆయన దిగేదాకా లైనక్సు గొప్పతనం చెప్పిన ఘనుణ్ణి.

ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు మాస్టారుగా నన్ను మూడు నెలలు చూస్తామని పెట్టుకున్నారు. ల్యాబు ప్రారంభోత్సవం సవ్యంగా జరిగితే ఉద్యోగం ఖాయమని, లేకపోతే మర్నాటి నుంచి రావక్కర్లేదని కరస్పాండెంటు గారు నవ్వుతూనే చెప్పారు. (ఆయన నవ్వుతూ చెప్పినవే జరిగేవి.) ఇంటి దగ్గర నాన్న అప్పటికే మావాడికి ఉద్యోగం వచ్చేసిందని వీధంతా చెప్పేశాడు.

కంప్యూటర్లేమో ఎక్కడో వాడి వదిలేసిన ముసలివి. వాటిమీద పిల్లలకి టైపింగు నేర్పే ప్రోగ్రాము ఒక్కటి నడిస్తే చాలు. తెరమీద ఒక అక్షరం పెద్దగా కనిపిస్తుంది, అదే నొక్కితే తర్వాతది వస్తుంది. మామూలుగా లైనక్సులో విండో మేనేజరని ఒకటుంటుంది. పెళ్లి భోజనాల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి వడ్డించాలో చెప్పే పెద్దమనిషి లాంటిది. తినేవాడు ఒక్కడే అయినప్పుడు పెద్దమనిషి ఎందుకని నేను దాన్ని పీకేశాను. మెషీన్లు చకచకా లేచాయి. రెండు రోజులు నా కాళ్లు నేలమీద ఆనలేదు.

ప్రారంభోత్సవం నాటి పొద్దున, ముఖ్య అతిథి కోసం కరస్పాండెంటు గారి గదిలోని పెద్ద మానిటరు తెచ్చి తగిలించారు. ప్రోగ్రాము తన పాత కొలతకే పరుచుకుంది. కుడిపక్క నాలుగు వేళ్ల వెడల్పున బూడిదరంగు గళ్ల పట్టీ మిగిలిపోయింది. తెరంతా పరుచుకోమని దానికి చెప్పాల్సిన పెద్దమనిషిని నేనే పంపేశాను మరి. అదేంటని కరస్పాండెంటు గారు అడిగితే "బోర్డరండి" అన్నాను. చీర అంచు చూసినట్టు చూసి తలూపారు.

పూజకి పెనుగొలను నుంచి మా మేనమామని పిలిపించాను. పురోహితుడు, పైగా మనవాడు. ఆయన కీబోర్డుకి పసుపు పెట్టి, మానిటరుకి బొట్టు పెట్టి, ఈ తోక ఉన్నదాని పేరేంటని అడిగాడు. మౌసు మావయ్యా, అంటే ఎలుక అని నా పాండిత్యం కొద్దీ అర్థం కూడా చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "వాహనం ఇక్కడ పెట్టుకుని స్వామిని అక్కడ కూర్చోబెడతారా?" అంటూ దాన్ని రెండు చేతులా తీసుకెళ్లి పసుపు వినాయకుడి ముందు పెట్టి, ఒక మందారం పెట్టాడు.

ముఖ్య అతిథి, రిటైరైన హెడ్మాస్టరు గారు, కళ్లజోడు సర్దుకుని తెరమీద ఉన్న అక్షరాన్ని నొక్కారు. ఏమీ జరగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కారు. పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. కరస్పాండెంటు గారు నావైపు చూసి నవ్వారు. వైరు లాగి చూశాను, కీబోర్డు తట్టి చూశాను. ఆర్పి మళ్లీ వేద్దామని చెయ్యి చాపితే, పూజ మధ్యలో ఆర్పడం ఏంటని మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు తల తిప్పితే కనబడింది. బాణం గుర్తు కాస్తా ఆ గళ్ల పట్టీలో ఇంటూ గుర్తై కూర్చుంది. పెద్దమనిషి లేని చోట, బాణం తెరమీద ఏ కిటికీ, అంటే ఏ విండో మీదుంటే అక్షరాలు ఆ కిటికీకే పోతాయి. మావయ్య మౌసుని ఎత్తినప్పుడు అది పట్టీమీదికి జారింది కనక హెడ్మాస్టరు గారి అక్షరాలన్నీ గాలికి పోతున్నాయి.

నేను నోరు తెరిచేలోగా మావయ్య అక్షింతలు చల్లి, హారతిచ్చి, మౌసుని తెచ్చి బల్లమీద యథాస్థానంలో పెట్టాడు. ఆ కదలికకి బాణం లోపలికొచ్చింది. హెడ్మాస్టరు గారు నొక్కారు, కొత్త అక్షరం వచ్చింది. చప్పట్లు మోగాయి. అంతా అక్షింతల మహిమ అన్నారు. నా ఉద్యోగం ఖాయమైంది.

సాయంత్రం బస్టాండులో మావయ్య మెల్లగా అడిగాడు. "ఒరేయ్, నిజం చెప్పు. అది కదిలింది అక్షింతలకేనా?"

"కాదు మావయ్యా. నువ్వు మౌసు తెచ్చి పెట్టావు కదా, అందుకు."

"అంటే ఆగిపోయింది కూడా నావల్లేనా?"

అవునన్నాను. సిగ్గులేకుండా అన్నాను. ఆ పట్టీ సంగతి మాత్రం మింగేశాను.

ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఆయన ఎక్కడ కంప్యూటరు పూజకి వెళ్లినా మౌసుని ముట్టుకోలేదు. నా వల్ల మా మేనల్లుడి ఉద్యోగం పోబోయిందని అందరికీ చెప్పుకునేవాడట. అది చెవిన పడినప్పుడల్లా నాకు లోపల గుచ్చుకునేది. చివరికి నిరుడు నెమలి అనే ఊళ్లో ఒక పెళ్లిలో ఆయన పక్కన కూర్చుని, ఆ పట్టీ నా తప్పేనని, అది లేకపోతే నువ్వు మౌసుని ఎక్కడ పెట్టినా ఏమీ అయ్యేది కాదని ఒప్పుకున్నాను.

మావయ్య నా వీపుమీద ఒక్కటి చరిచాడు. "ఆ రోజే చెబితే తిట్టేసి మర్చిపోయేవాణ్ణి కదరా."

తిట్లు తప్పించుకున్నానని ఇన్నేళ్లూ మురిసిపోయిన ఆ కుర్ర మాస్టారిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ తిట్లేవో ఆ రోజే తినుంటే ఎంత బావుండేది.