ఎస్తేరక్క వేళ్లు

గదిలో ఉన్నవి: ఒక బల్ల, రెండు కుర్చీలు, రబ్బరు పట్టీ, స్పిరిట్ దూది, ఊదారంగు మూతల గాజుగొట్టాలు. ఉన్నవాళ్లు: నేను, చెయ్యి చాపి కూర్చున్న ఒక ముసలాయన. మోచేతి మడతలో స్పిరిట్ రాసి చూపుడు వేలితో నొక్కగానే చర్మం కింద రక్తనాళం మెత్తగా పైకి తన్నింది. ఆ చల్లదనం, ఆ మెత్తదనం వేలికి తగిలిన ప్రతిసారీ నాకు ఎస్తేరక్క గుర్తొస్తుంది.

మహబూబ్‌నగర్ జిల్లాలో హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఒక కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. డిప్లొమా పట్టుకొని చేరిన నాకు పని నేర్పింది, అక్కడ ఏళ్లుగా రక్తం తీస్తున్న అక్కే. ఆమె కూడా అవే మందులు వాడేది. ఆ సంగతి అక్కడ ఎవరి దగ్గరా దాచేది కాదు. నేను కళ్లతో వెతుకుతుంటే చేతి మీద ఒక్కటేసి, "కండ్లు మూసుకో తమ్మీ. నరం కండ్లకు దొర్కది, ఏలికి దొర్కుతది" అనేది. రెండుసార్లు గుచ్చినా రక్తం రాకపోతే మూడోసారి వేరేవాళ్లే గుచ్చాలన్నది ఆమె పెట్టుకున్న నియమం. "వీళ్లు ఇప్పటికే శాన పోట్లు తిన్నరు" అనేది.

చాలా ఏళ్లుగా ఈ జబ్బుతో ఉన్నవాళ్లలో కొందరికి పాదాలు మొద్దుబారతాయి. స్పర్శను మోసే నరాలు జబ్బు వల్లనో, పాత మందుల వల్లనో దెబ్బతింటాయి. అక్క పాదాలూ అంతే. ఒకనాడు వరండా చివరిదాకా నడిచి వెళ్లాక, వరుసలో కూర్చున్న కల్వకుర్తి ఆమె వెనక నుంచి పిలిచింది.

"ఎస్తేరమ్మా, నీ చెప్పు నా కాడనే కూసున్నది. దీనికి గూడ చీటీ రాయిస్తవా?"

వరుసంతా నవ్వింది. "దాని నంబరు ఇంకా రాలేదే" అంటూ అక్క వెనక్కి వచ్చి చెప్పు తొడుక్కుంది. ఆ తర్వాత అక్కడే కూలబడి, పిలిచినామె పాదాలు తన ఒళ్లో పెట్టుకొని, తెలియకుండా కాలిన మచ్చలేమైనా ఉన్నాయేమోనని తిప్పి తిప్పి చూసింది.

సాధారణంగా ఆ మొద్దుతనం కాళ్ల దగ్గరే ఆగుతుంది. అక్కకు చేతివేళ్లదాకా వచ్చింది. ఒక వానాకాలంలో, ఒకే వారం, మూడో పోటు కోసం నన్ను నాలుగుసార్లు పిలిచింది. అంతకుముందు ఏడాది మొత్తం కలిపినా అన్నిసార్లు పిలవలేదు.

ఆ శనివారం జనం వెళ్లిపోయాక తలుపు దగ్గరికి వేసి నా ఎదురుగా కూర్చుంది. కళ్లు మూసుకొని కుడి చూపుడు వేలు చాపింది.

"దూది పోగుతోని పదిసార్లు ముట్టు. తెలిసినప్పుడల్ల ఊ అంట. లెక్క నువ్వు వెట్టు."

మూడుసార్లు ఊ అంది. సూది వదిలేస్తే ఆ బల్ల దగ్గర ఆమెకు పనేముంటుంది? "ఏడు" అన్నాను. ఉద్యోగంలో నేను తెలిసి చెప్పిన తప్పు అంకె అదొక్కటే.

అక్క కళ్లు తెరిచింది. "నేను నోరు తెరిసిందే మూడుసార్లు. ఏడెట్లొచ్చినయి రా?"

నేను దూది పోగును బల్ల మీద పెట్టేశాను.

"నా మీద ప్రేమకు వాళ్ల చేతులు పొడిపిస్తవా? మూడని రాయి. సోమారం డాక్టరుకు నేనే ఇస్త."

రాశాను. సోమవారం నుంచి సూది నా చేతికి వచ్చింది. అక్క రెండు నెలలు నా పక్కన స్టూలు మీద కూర్చొని, వచ్చినవాళ్ల రెండో చెయ్యి పట్టుకొని మాటల్లో పెట్టేది. తర్వాత పని మానేసి షాద్‌నగర్‌లో కూతురి దగ్గరికి బయలుదేరింది. అక్కడ కూతురికి తప్ప అల్లుడికి గానీ, వాళ్లింట్లో ఇంకెవరికి గానీ ఆమె జబ్బు సంగతి తెలియదు. బస్సు ఎక్కించడానికి వెళ్లి, చూడటానికి వస్తానన్నాను.

"రాకు తమ్మీ. వచ్చినవంటే ఎవరు, ఏడ పనిజేస్తడు అని అడుగుతరు. నా బిడ్డ ఏం జెప్పాలె?" బస్సు మెట్టెక్కి, "ఫోను గూడ వద్దు" అంది.

ఎవరి వేళ్లు పరీక్షించినా ఇప్పుడు వచ్చిన అంకే రాస్తాను. అది ఎదుటివాళ్లకు ఎంత కష్టమైనా సరే. ఆమెకు చెప్పాలనుకున్నవి మాత్రం చాలా పోగుపడ్డాయి. హైదరాబాద్ బస్సు షాద్‌నగర్‌లో కాసేపు ఆగుతుంది. కిటికీ పక్కన కూర్చొని, బుట్ట పట్టుకొని నడిచే ప్రతి ఆడమనిషి కాళ్ల వైపూ చూస్తాను. ఈ నాలుగేళ్లలో అలా వెళ్లింది పదకొండుసార్లు. దిగింది సున్నా.