తాతయ్య వేరుగా పెట్టిన గ్లాసు

నా చిన్నప్పుడు, గోదావరిఖనిలో కొత్త బొగ్గుబాయిలు తవ్వుతున్న రోజుల్లో, మా కాకను, అంటే నాన్న తమ్ముణ్ని, అందరూ అభ్యుదయవాది అనేవారు. బాయి గేటు దగ్గర బల్ల ఎక్కి ఆడా మగా సమానమని ఆయన మాట్లాడితే, షిఫ్టు దిగిన కార్మికులు మసి చేతులతోనే చప్పట్లు కొట్టేవారు. పొద్దున్నే నామాలు దిద్దుకుని, ఇతరుల ఇళ్లలో మంచినీళ్లు కూడా ముట్టని మా తాతయ్యను ఛాందసుడనేవారు. నేనూ అదే నమ్మాను.

ఏడో తరగతి పాసయ్యాను. హైస్కూలు దూరం. పక్కింటి క్రైస్తవుల అక్క అక్కడికి సైకిల్ మీద వెళ్లేది, నన్నూ వెనక కూర్చోబెట్టుకుంటానంది. నాన్న లేని మా ఇంట్లో మాట కాకదే. అడిగితే, "చదివింది చాలు. నువ్వు పోతే పొయ్యి ఎవలు ముట్టిస్తరు?" అన్నాడు. ఆ మాటను నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

అన్నం మానేసి మూల కూర్చున్నాను. తాతయ్య పక్కన చతికిలబడి, చెవిలో చెప్పాడు. "ఇంట్ల అడిగితే గిట్లనే అంటడు బిడ్డా. గేటు కాడ అడుగు. ఆడ లేదనలేడు."

మర్నాడు షిఫ్టు సైరన్ కూసేసరికి తాతయ్య నా చెయ్యి పట్టుకుని గుంపులోకి తోసుకుపోయాడు. "ఆడపిల్లలు చదవాలె!" అని కాక అనగానే గొంతు చించుకుని అరిచాను.

"మరి నన్నెందుకు పంపవు కాకా?"

గుంపులో నవ్వుల హోరు.

"జవాబు చెప్పు అన్నా!"

"గేటు కాడ ఒకటి, ఇంట్ల ఒకటా?"

"పంపుత తల్లీ, పంపుత!" అన్నాడు కాక చేతులెత్తి. ఇంటిదాకా నేను నడవలేదు, ఎగిరాను.

బడి తెరిచిన రోజు అక్క నాకోసం వచ్చింది. దాహమంటే తాతయ్య వాకిలి గూట్లో వేరుగా పెట్టిన సొట్ట గ్లాసు చూపించి, "అండ్ల తాగు బిడ్డా" అన్నాడు, ఎంతో ప్రేమగా. అక్క తల వంచుకుని తాగింది. ఆ అవమానాన్నీ నేను మరవలేదు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కాక ఆ గ్లాసు అందుకుని, నీళ్లు ముంచుకుని, తాతయ్య కళ్ల ముందే గటగటా తాగాడు. "ఇగ దీన్ని లోపల పెట్టుండ్రి. అందరం దీంట్లనే తాగుదాం." తాతయ్య మొహం తిప్పుకున్నాడు.

సైకిల్ మీద దారంతా అక్కను వేధించాను, ఇద్దరిలో ఎవరు అభ్యుదయవాది అని.

"నాకేం ఎరుక? నీ దిక్కు మీ తాత నిలబడ్డడు, నా దిక్కు మీ కాక నిలబడ్డడు. గట్టిగ పట్టుకో, గుంత వస్తుంది."

ఆ సొట్ట గ్లాసు ఇప్పుడు నా దగ్గరుంది. ఓట్లకు వచ్చి తాను ఫలానా వాదినని చెప్పుకునే ప్రతి నాయకుణ్నీ కూర్చోబెట్టి, దాని కథ చెప్పి, అందులోనే నీళ్లిస్తాను. తాగేదాకా గుమ్మం దాటనివ్వను.