కంబళి అంచున నాలుగు ముడులు

నా కొడుకు సూరి పోయి తొమ్మిదేళ్లు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారని భయపడి, వాడి కాలికి నా చేతులతోనే పసరు కట్టాను. వాడికి అప్పుడు పదకొండేళ్లు. ఆ తర్వాత ఏ కుక్క కనబడినా రాయి విసిరేదాన్ని. పోయిన ఏడాది ధర్మవరంలో మా మగ్గాల వీధికి కుక్కలను కాపాడే గుంపువాళ్లు వచ్చి వీధికుక్కలకు సూదులు వేశారు. "ఈ సూది పడితే ఆ జబ్బు రాదా మేడమ్?" అని అడిగాను. "కుక్కకూ రాదు, దానివల్ల మనుషులకూ రాదు" అంది డాక్టరమ్మ. ఆ ఆదివారం నుంచే వాళ్లతో వెళ్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. నేను నోటుబుక్కులో రాసినదాన్ని గుంపులోని అమ్మాయి కంప్యూటరులో ఎక్కిస్తోంది. మీరూ రావాలనుకుంటే ఎలా ఉంటుందో, కంబదూరు వెళ్లిన రోజు గురించి చెబుతాను.

ధర్మవరంలో ఐదున్నర బస్సెక్కితే బత్తలపల్లె మీదుగా ఏడు లోపల అనంతపురం. టికెట్టు పద్దెనిమిది రూపాయలు. బస్టాండు బయట గుంపు జీపు ఉంటుంది, అక్కడి నుంచి ఖర్చు వాళ్లదే. కళ్యాణదుర్గంలో ఆగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. "బాగా తినక్కా, కుక్క నిన్ను ఈడ్చుకపోతే పట్టుకునేకి నాకు బలం లేదు" అన్నాడు డ్రైవరు బాషా. "నన్నీడ్చే కుక్క ఇంకా పుట్టలేదులే. నీ జీపే నడుము ఇరగ్గొడతాంది" అన్నాను.

తొమ్మిదిన్నరకు కంబదూరు దాటి ఒక పల్లెలో దిగాం. సూది వేసేది డాక్టరమ్మ. మనం మందుల ఐస్ పెట్టె మోయవచ్చు, కుక్కల సొంతదారుల పేర్లు రాయవచ్చు. నా పని మూతి కట్టడం. తాడు ఒరుసుకుంటుందని పాత నూలు చీర పొడుగ్గా చింపి తీసుకెళ్తాను. మూతికి బిగించి చెవుల వెనక ముడి వేస్తే కుక్క కరవదు. సూది పడ్డాక నుదుటిన ఎర్రరంగు బొట్టు పెడతాం. పదకొండు లోపల ఇరవై రెండు కుక్కలయ్యాయి. ఒక్కటీ నన్ను గీరలేదు.

ఊరి బయట బీడులో ఓబులేసన్న గొర్రెలు మేపుతున్నాడు. అరవై దాటిన మనిషి. తన కుక్క నల్లోడికి సూది వేయించడానికి ఒప్పుకుని, తానే దాని తల పట్టుకున్నాడు. నుదుటిన బొట్టు పెట్టి లేస్తుంటే అతని మణికట్టు కనబడింది. దానికి గుడ్డ, గుడ్డ కింద పచ్చటి పసరు.

"ఇదేందన్నా?"

"నాలుగు దినాలాయ. యాడిదో ఎర్రకుక్క మందలో పడబోతే అడ్డం పోయినా. నన్నే కరిచె. పసరు కట్టినారు, మానిపోతాంది."

"ఆ కుక్క యాడుండాది?"

"మరుసటి దినమే సచ్చిపోయ."

డాక్టరమ్మ వెంటనే గుడ్డ విప్పించి, గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగింది. కళ్యాణదుర్గం ఆసుపత్రికి ఇప్పుడే పోవాలంది.

"పద్నాలుగు సూదులు నాతో కాదు. మందనెవరు చూస్తారు, నీవా?" అన్నాడు నావైపు తిరిగి.

"ఇప్పుడు చేతికేస్తారన్నా, ఐదే. నా కొడుక్కి నేనూ ఇట్లే కట్టినా. మానినట్లే ఉండె. నెలన్నరకు నీళ్లు చూసి వణికినాడు. లెయ్యన్నా, మందను నేను చూస్తా."

నేను మగ్గం నేస్తానని కుక్కకు మూతి కట్టేటప్పుడే అతనికి చెప్పాను. "మగ్గం కాడ కూసునేదానివి, గొర్రెలు కాస్తావా?"

"నాకు రాకుంటే మీ నల్లోడు నేర్పుతాడు. జీపెక్కు."

జీపు వెళ్లిపోయింది. మంద నేరుగా శనక్కాయ చేను దారి పట్టింది. నేనెంత అరిచినా ఒక్క గొర్రె వినలేదు. ఎర్రబొట్టు నల్లోడు అడ్డం పరుగెత్తి అన్నిటినీ మళ్లించి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పని లేకుండా ఊరికే ఒక కుక్క తల మీద చేయి వేయడం, ఈ తొమ్మిదేళ్లలో అదే మొదలు.

మూడు గంటలకు జీపు తిరిగొచ్చింది. దిగగానే ఓబులేసన్న మందను లెక్కపెట్టుకున్నాడు. "ఒగటీ తగ్గలేదే!"

"నేనేమన్నా దొంగనా అన్నా?"

నవ్వాడు. "ఆసుపత్రిలో ఒక్క రూపాయి కూడా దుడ్లు తీసుకోలేదమ్మా. ఇంకా నాలుగు సూదులుండాయంట." ఏ రోజు పోవాలో రాసిన చీటీ అతని కోడలికి ఇచ్చాం. నేను అతని కంబళి అంచు దారాలకు నాలుగు ముడులు వేసి, సూది పడినప్పుడల్లా ఒకటి విప్పమన్నాను.

నెల దాటాక మళ్లీ వెళ్లాం. "నాలుగూ ఇప్పేసినా, చూసుకో" అని కంబళి నా ఒళ్లో వేశాడు. అంచంతా వేలితో తడిమి చూశాను. ఎన్ని పట్టుచీరలు నేశానో లెక్కలేదు, ఏదీ నలుగురికి చూపించుకోవాలనిపించలేదు. ముడి లేని ఆ అంచును మాత్రం డాక్టరమ్మకూ, బాషాకూ పిలిచి మరీ చూపించాను. సూరికి చేయలేకపోయాను. వాడి సంగతి చెప్పి ఒక మనిషిని జీపెక్కించాను.

రావాలనుకునేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కుక్కలను పట్టే పనికి నెల ముందే ఆసుపత్రిలో అడిగి, కుక్క కరవకముందే వేసే సూదులు మీరూ వేయించుకుని రండి. భయపడకండి, చేతికే వేస్తారు.