చచ్చినవాడి ఒంటిమీది సొమ్ము

ఎనభైల మధ్యలో, ఓడ ఉద్యోగం చేసే మా బావ సెలవుకి వస్తూ ఏదో విదేశీ రేవులో కొన్న ఆట ఒకటి తెచ్చాడు. బోర్డు లేదు, పేక లేదు. ఇరవై ముఖాల పాచిక ఒకటి, మిగతాదంతా మాటలే. బావ కథ నడుపుతాడు, మేం నలుగురం అందులో వీరులం. శత్రువు ఎదురైతే పాచిక వేసి కొట్టాలి. వాడు పడ్డాక "వెతుకుతాను" అని ముందుగా అన్నవాడిదే ఆ శవం ఒంటిమీది సొమ్ము. వారమంతా పోర్టు వర్క్‌షాపులో గ్రీజు పూసుకు తిరిగే మాకు, ఆదివారం పెందుర్తిలో బావ వరండాలో దొరికే ఆ ఉంగరాలూ కత్తులూ నిజం ఆస్తిలాగే ఉండేవి. వాటికోసం నిజంగానే పోట్లాడుకునేవాళ్లం.

నలుగురిలో ఒకడు మాత్రం ఎన్నడూ వెతకలేదు. జాలరిపేట అతను, వర్క్‌షాపులో నా పక్క లేత్ మీద పనిచేసేవాడు. కొట్లాటలో అందరికంటే ముందుంటాడు. శత్రువు పడగానే చేతులు కట్టుకుని మా వంకే చూస్తూ కూర్చుంటాడు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఊరికే వచ్చేదాన్ని వదులుకునేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. పైగా వచ్చినప్పుడల్లా మా అక్కకి వంజరం చేప ముక్కలు తెస్తాడు. ఇంకేముంది, బావతో లోపాయికారీగా మాట్లాడుకున్నాడు, ఆఖర్న పెద్ద నిధి ఇతనికే అని తేల్చేశాను. మిగతా ఇద్దరి చెవిలోనూ వేశాను. ఆటలోంచి తీసేద్దామన్నారు వాళ్లు. అడిగే పని నా నెత్తిన పెట్టారు.

షిఫ్టు దిగాక టీ కొట్టు దగ్గర అడిగేశాను. శవాన్ని ముట్టుకోవు, మా చేతులు చూస్తావు, నీ ఎత్తేమిటో చెప్పకపోతే ఆదివారం రావద్దన్నాను. కోప్పడతాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టాడు.

"మా అయ్య ఏటకెల్లి మునిగిపోనాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు ఒంటిమీద ఎండి మొలతాడు నేదు. గట్టిగా ముడేసిన తాడు, సముద్రం ఇప్పుతాదేటి? ఎవులో మనిసే ఇప్పేడు. పేటంతా అక్కడే ఉన్నాది, ఎవుల్నని అడుగుతాం? అప్పట్నించి ఎవులి సెయ్యి ముందెల్తాదో సూడ్డం అలవాటైపోనాది."

నాకు సిగ్గేసింది, చిరాకూ వేసింది. ఇది ఉత్త ఆట కదా, మాటల్లో చచ్చిన రాక్షసుడు కదా అన్నాను.

"ఆటే గదా," అన్నాడు. "అందుకే మీరు సేతులు దాసుకోరు."

ఆదివారం వచ్చాడు. ఈలోగా ఆ ఇద్దరికీ సంగతి చెప్పేశాను. బావ ఎన్నో వారాలుగా ఊరిస్తున్న రాజు ఆరోజే పడ్డాడు, నెత్తిన రత్నాల కిరీటంతో సహా. ఎవరు వెతుకుతారని అడిగాడు బావ. ఒకరి చేతుల వంక ఒకరం చూసుకున్నాం. సంగతి తెలియని బావ మళ్లీ అడిగాడు.

నాకైతే ఆ కిరీటం మీద ప్రాణమంతా ఉంది. చేతులు రెండూ బల్ల కిందికి లాక్కున్నాను. అతను అదీ చూశాడు.