బోరు మోటరు ఎత్తే చేత్తో పడవను ఎత్తబోయి

ఏడో తరగతితోనే బడి నుంచి తప్పించుకుని వెల్డింగ్ పనిలో పడిన నాకు, నీళ్లతో పరిచయం బకెట్టు లోతు వరకే. అలాంటి నన్ను మా చెల్లెలి భర్త సుబ్బయ్య పడవల గురించి సలహా అడిగాడు. జమ్మలమడుగు దగ్గరి జలాశయంలో టూరిస్టులను తిప్పడానికి ఉన్నదంతా పెట్టి మోటరు పడవ కొన్నాడు. వాళ్లను ఒడ్డుకు దింపడానికి ఒక చిన్న పడవ, దాన్ని ఎత్తి వేలాడదీసే ఇనుప చేయి కావాలన్నాడు.

"రబ్బరుది తేలిగ్గా ఉంటాదంట బావా."

"రబ్బరు చెప్పులకు బాగుంటాదప్పా. ఫైబర్‌ది తీసుకో. ప్రొద్దుటూరులో బోరు మోటర్లు ఎత్తే చేతులన్నీ నేను చేసినవే గదా."

అదే కొలతలతో చేయి చేసి, పెద్ద పడవకు ఒక పక్కన బిగించాను. పరీక్ష రోజు గొప్ప కోసం నేనే చిన్న పడవలో కూర్చున్నాను. చెల్లెలితో పాటు పెద్ద పడవలో నిలబడిన సుబ్బయ్య గొలుసు లాగాడు. నేను పైకి లేచేకొద్దీ పెద్ద పడవ నా మీదికే ఒరిగింది. దాని అంచు మీదుగా నీళ్లు లోపలికి దూకాయి. చెల్లెలు అవతలి కమ్మీ పట్టుకుని వేలాడుతోంది. నాకు ఈత రాదు. సుబ్బయ్య గొలుసు వదిలేసి నన్ను చిన్న పడవతో సహా నీళ్ల మీదికి పడేశాడు కాబట్టి ముగ్గురం మిగిలాం.

ఇప్పుడు ఆ పడవ వెనక రబ్బరుదే ఉంది. ఆ రోజు మాత్రం ఒడ్డెక్కగానే, "చూసినారా, నా వెల్డింగ్ ఊడలేదు" అన్నాను.

చెల్లెలు చీరకొంగు పిండుకుంటూ చెప్పింది.

"అదే మా కర్మ అన్నా. ఊడింటే నువ్వొక్కనివే మునిగిపోతాంటివి."