నడుస్తున్న కెర్నెల్‌కు చెవి ఒగ్గిన ఆదివారాలు

మహారాష్ట్ర చంద్రపూర్‌లోని మా వాచనాలయమే, అంటే లైబ్రరీయే, నాకు కాలేజీ. అసలు కాలేజీ మెట్లు ఎక్కలేదు కాబట్టి ఈ మాట కొంచెం గర్వంగానే అంటాను. గడ్‌చాందూర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా అక్కడ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, డిక్షనరీ దగ్గర పెట్టుకుని ఇంగ్లీషు కంప్యూటర్ పుస్తకాలు చదివాను. ఒక్కో పేజీకి ఒక పూట పట్టేది. ఆపరేటింగ్ సిస్టమ్ నడిమధ్యలో కెర్నెల్ అనేది ఉంటుందనీ, ఏ ప్రోగ్రాముకు డిస్కు కావాలన్నా, మెమరీ కావాలన్నా దాన్నే అడగాలనీ తెలిసిన రోజు, దారి పొడుగునా నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాను.

వాచనాలయం చూసుకునే అక్కది రాజురా వైపు తెలుగు రైతు కుటుంబం. అందరూ మరాఠీలో తాయి అంటారు, నేను అక్కా అంటాను. పోలీసు భర్తీకీ, తలాఠీ అనే ఊరి రెవెన్యూ ఉద్యోగాలకీ చదువుకునే పిల్లల కోసం ఆమె ఆదివారం ఉదయాల్లో కంప్యూటర్ మీద ఉచితంగా నమూనా పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. ప్రశ్నలు తనే తయారు చేసేది. కోర్పనా పల్లెల నుంచి ఆడపిల్లలు మొదటి బస్సు పట్టుకుని వచ్చేవారు. పరీక్ష గదిలో పిల్లల ముందు తెరలు వేరువేరుగా ఉన్నా, పరీక్షలూ, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలూ అన్నీ ఒక్క మిషన్ మీదే నడిచేవి.

ఆ మిషన్‌తోనే తంటా వచ్చింది. పరీక్ష మధ్యలో తెరలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయేవి. ఎంత నొక్కినా జవాబు ఎక్కేది కాదు, పై మూలన గడియారం మాత్రం తిరుగుతూనే ఉండేది. కాసేపటికి అంతా దానంతట అదే సర్దుకునేది. మిషన్ ఆపి వెతికితే ఏ లోపమూ కనిపించేది కాదు. వాచనాలయం కమిటీ పెద్దమనిషి విసిగిపోయాడు. ఇలాగే సాగితే పరీక్షలు ఆపేసి, ఆ గదిని కోచింగ్ క్లాసుకు ఇచ్చేస్తామన్నాడు.

"తమ్మీ, గిన్ని పుస్తకాలు సదివినవ్ గదా. గిప్పుడన్న పనికొస్తయా, లేకుంటే బల్ల అరగదీసుడేనా?" అంది అక్క.

"సూస్త అక్కా."

"సూస్త అంటే కాదు. పోరీలు పొద్దుగాల అన్నం గూడ తినకుండ వస్తున్నరు. బంద్ అయిందని వాళ్లకు నేనే చెప్పాల్నా?"

అప్పుడే నేను కెర్నెల్ ట్రేసింగ్ అనే అధ్యాయం చదువుతున్నాను. మిషన్‌ను ఆపకుండా, నడుస్తున్న కెర్నెల్‌లో మనకు కావలసిన చోట ఒక గుర్తు పెట్టవచ్చు. ఆ చోటికి ఏ ప్రోగ్రాము వచ్చినా, ఎవరు వచ్చారు, ఎంతసేపు ఆగారు అని అది రాసి పెడుతుంది. పని అయ్యాక గుర్తు తీసేస్తే కెర్నెల్ మామూలుగా నడుస్తుంది. ఆపితే మాయమైపోయే రోగానికి ఇంతకన్నా తగిన మందు ఏముంటుంది?

బొగ్గు గనిలో పని చేసి రిటైరైన మా బాపుకు ఆ రోజు అన్నం తింటూ ఇదంతా చెప్పాను. గనిలో పైకప్పును కడ్డీతో తట్టి, చప్పుడును బట్టి ఎక్కడ బోలుగా ఉందో తెలుసుకునేవారని నా చిన్నప్పుడు ఆయనే చెప్పాడు.

"నువ్వు కప్పు తట్టినట్టు నేను మిషన్‌ను తట్టి సూస్త బాపూ."

"నేను తడితే కప్పు పలుకుతుండె. నీ డబ్బా పలుకుతదా?"

"పలుకుతది. ఇంగ్లీషుల."

"అయితే మీరిద్దరే మాట్లాడుకోండ్రి. నాకు గింత పప్పు ఏసి పో."

మొదటి ఆదివారం ఆశకు పోయాను. ఏ గుర్తు ఎక్కడ పనికొస్తుందో తెలియక, పుస్తకంలో చూపిన ప్రతి చోటా ఒకటి పెట్టేశాను. కెర్నెల్ తన పని మానుకుని నాకు కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. తెర మీద వరుసలు వానలా కురిశాయి, అప్పుడప్పుడు ఆగే పరీక్ష ఇప్పుడు పూర్తిగా కుంటసాగింది. ఒక పిల్ల వెనక్కి తిరిగి, "కాయ్ కేలంత్ దాదా?" అంది, ఏం చేశావన్నా అని.

"బాగు చెయ్యమంటే ఉన్నది గూడ కరాబ్ జేస్తున్నవ్," అని అక్క నెత్తి కొట్టుకుంది.

గబగబా గుర్తులన్నీ తీసేశాను. పరీక్ష మళ్లీ నడిచింది.

ఆ వారం షిఫ్టు దిగిన ప్రతి రోజూ అదే అధ్యాయం మళ్లీ చదివాను. అన్నీ అడగకూడదు, ఒక్కటే అడగాలి అని అప్పుడు బుర్రకెక్కింది. మరుసటి ఆదివారం డిస్కు దారిలో మాత్రమే గుర్తు పెట్టి, అక్కడ మరీ ఎక్కువసేపు ఆగిన వాళ్లనే చూపించమన్నాను. తెర ఖాళీగా ఉంది. చాలాసేపటికి ఒక వరుస వచ్చింది. పిల్లల జవాబులు డిస్కు కోసం నిలబడిపోయాయి, వాటి ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే ప్రోగ్రాము అడ్డంగా కూర్చుంది. తల ఎత్తి చూస్తే, కౌంటర్ దగ్గర ఒకాయన పుస్తకం వాపసు ఇస్తున్నాడు. ఇంకొకరు ఇచ్చారు. ఇంకో వరుస వచ్చింది.

"అక్కా, నువ్వు పుస్తకం వాపస్ తీసుకున్నప్పుడల్లా పోరీల తెరలు ఆగుతున్నయి."

"నేనా? నేనేం జేసిన? పుస్తకం తీసుకున్న, అంతే!"

ఒకసారి కరెంటు పోయి, ఆమె రోజంతా ఎక్కించిన వివరాలు పోయాయట. అప్పటినుంచి పుస్తకం వాపసు వచ్చిన ప్రతిసారీ మొత్తం పెన్‌డ్రైవ్‌లో భద్రం కావాలని, మిషన్ బిగించినాయనతో పట్టుబట్టి పెట్టించింది. ఆ పెన్‌డ్రైవ్ పాతది, నిదానం. అది పూర్తయ్యేదాకా కెర్నెల్ మిగతా వాళ్ల రాతలను నిలబెట్టేది. మా ఊళ్లో పుస్తకాలు వాపసు ఇచ్చేది ఎక్కువగా ఆదివారమే. మామూలు రోజుల్లో పరీక్ష ఉండదు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు.

"మూసే టైంకు ఒక్కసారి కాపీ అయ్యేటట్టు పెడ్త," అన్నాను.

"నడుమ కరెంటు పోతే?"

"ఆ రోజు వచ్చినయి మళ్ల ఎక్కించాలె."

అక్క పెన్‌డ్రైవ్‌కు కట్టిన ఎర్ర దారాన్ని వేలికి చుట్టుకుంది. "నీకు తెల్వదు తమ్మీ, ఆ రోజు నేను ఎంత ఏడ్సిన్నో," అంది. తర్వాత దారం విప్పేసి, "పెట్టు. పోతే మళ్ల ఎక్కిస్త. పోరీల పరీక్ష ఆగొద్దు," అంది.

ఆ తర్వాతి ఆదివారం కమిటీ పెద్దమనిషి స్వయంగా వచ్చి కౌంటర్ పక్కన కుర్చీ వేసుకున్నాడు. వాపసు వచ్చిన పుస్తకాలను అక్క బీరువాలో పెట్టకుండా, మళ్లీ ఎక్కించాల్సి వస్తుందేమోనని తన కాళ్ల దగ్గరే పేర్చుకుంది. మాటిమాటికీ తల ఎత్తి ఫ్యాన్ తిరుగుతోందా అని చూసేది. పరీక్ష సగంలో ఉండగా పెద్దమనిషి సంచిలోంచి తన పుస్తకం తీసి ముందు పెట్టాడు. అక్క నా వైపు చూసింది. తల ఊపాను. ఆమె ఎక్కించింది. ఇద్దరం గది వైపు చెవి పెట్టాం. లోపల మౌసుల టిక్కుటిక్కు ఎక్కడా ఆగలేదు. నా తెర మీద ఒక్క వరుసా రాలేదు.

పరీక్ష అయిపోయి పిల్లలు మార్కుల మీద కొట్లాడుకుంటుంటే, పెద్దమనిషి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"తాయీ, వచ్చే ఆదివారం ఏ సబ్జెక్టు?" అని మరాఠీలో అడిగాడు.

ఆయన మాట ఇంకా పూర్తికాకముందే అక్క అంది, "గణిత్."